నొప్పి లేకుండా ఎర్రగా వచ్చి ఆగిపోతే: మగవారి మూత్రంలో నెత్తురు

మూత్రం ఎర్రగా వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు ఊళ్లలో మొదట వినపడే మాట "ఉడుకు చేసింది". పొద్దంతా చేన్లోనో సెంట్రింగ్ పనిలోనో ఎండకు మాడిన మనిషికి ఆ మాట సబబుగానే తోస్తుంది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాం, చల్ల. రెండ్రోజుల్లో మూత్రం మామూలు రంగుకు వస్తుంది. రాకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, అయిదు రోజుల గోళీలు. ఆలోపు తప్పకుండా వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మూత్రాశయంలో గడ్డ ఉండి దాని నుంచి కారే నెత్తురు కూడా ఏ మందూ వేయకపోయినా చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే ఆగిపోతుంది. ఆగినందుకు పేరు బార్లీకో సూదికో పోతుంది, గడ్డ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. మళ్లీ ఎరుపు కనపడేసరికి నెల కావచ్చు, ఆర్నెల్లు కావచ్చు.

ఇలా వచ్చి పోవడానికి కారణం గడ్డ తీరులోనే ఉంది. మూత్రాశయం లోపలి పొర మీద సముద్రపు నాచులా, పూతలా పెరిగే ఈ గడ్డల్లో రక్తనాళాలు చాలా పలుచన. మూత్రం నిండి, ఖాళీ అవుతూ సంచి ముడుచుకుంటున్నప్పుడు ఒక నాళం చిట్లుతుంది, కొంత నెత్తురు పోతుంది, అక్కడే గడ్డకట్టి మూసుకుంటుంది. మొదటి దశలో గడ్డ పై పొర దాటి లోతుకు పోదు కాబట్టి నొప్పి ఉండదు, మంట ఉండదు. నొప్పి పుడితే మనిషి ఎలాగూ దవాఖానకు పరుగెత్తుతాడు. నొప్పి లేదు కదా అని ఇంట్లో ఉండిపోయేవాడే ఎక్కువ నష్టపోతాడు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్లు దాటినవారికి ఇన్‌ఫెక్షన్ లేకుండా కంటికి కనపడే నెత్తురు పోతే, లేదా ఇన్‌ఫెక్షన్‌కు మందు వాడాక కూడా నెత్తురు పోతూనే ఉంటే, క్యాన్సర్ అనుమానం కింద త్వరగా స్పెషలిస్టుకు చూపించాలి. ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క అందులో లేదు. ఒక్కసారి చాలు.

అలాగని ఎరుపు చూడగానే గుండె జారనక్కర్లేదు. కంటికి కనపడేలా నెత్తురు పోయిన పెద్ద వయసు మగవారిలో సుమారుగా పది మందిలో ఒకరిద్దరికి క్యాన్సర్ బయటపడుతుంది. మిగతా వారిలో రాళ్లు, ప్రొస్టేట్ (మూత్రాశయం కింద మగవారికి ఉండే గ్రంథి) వాపు, ఇన్‌ఫెక్షన్, కిడ్నీ వడపోత జబ్బులు ఉంటాయి, కొందరిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు. ఆ ఒకరిద్దరు ఎవరన్నది రంగు చూసి చెప్పలేం, పరీక్షతోనే తేలాలి. చిక్కదనాన్ని బట్టి భయపడటం కూడా లెక్క తప్పడమే. లీటరు మూత్రంలో 1 మి.లీ. నెత్తురు కలిసినా రంగు మారిపోతుంది. చూడటానికి బకెట్ నెత్తురులా ఉన్నా పోయింది చెంచాడే కావచ్చు. లేత గులాబీ రంగు వెనక పెద్ద గడ్డ ఉండనూవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది అది నెత్తురేనా అన్నది. ఎండలో నీళ్లు తాగకుండా తిరిగితే మూత్రం ముదురు పసుపు అవుతుంది, తేనె రంగుకు వస్తుంది. ఎంత ఉడుకు చేసినా నెత్తురు రంగుకు మాత్రం రాదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. కామెర్లలో మూత్రం ముదురు పచ్చగా ఉండి బట్టకు పసుపు మరక అంటుతుంది, కళ్లూ పచ్చబడతాయి. బీట్‌రూట్ కూర తిన్న మర్నాడు కొందరికి గులాబీ రంగు వస్తుంది. టీబీ గోళీల్లో ఉండే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపు చేస్తుంది. అది మందు రంగే. దాన్ని చూసి టీబీ కోర్సు ఆపేసుకుంటే అంతకంటే పెద్ద తప్పు లేదు.

డికాషన్ రంగు మూత్రం సంగతి వేరు. వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషికి, అలవాటు లేని బరువు పని ఒక్కసారిగా చేసినవారికి కండరాలు చితికి వాటిలోని రంగు పదార్థం మూత్రంలోకి దిగుతుంది. మూత్రంలో ముంచే పట్టీ పరీక్షలో నెత్తురు ఉందని చూపిస్తుంది, సూక్ష్మదర్శినిలో మాత్రం ఎర్ర కణాలు కనపడవు. కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి ఇది, అదే రోజు దవాఖానలో చేరాలి. పోలీసు ఉద్యోగాల 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున గ్రౌండ్ చుట్టూ తిరిగే కుర్రాళ్లలో కొందరికి గట్టిగా పరుగెత్తిన రోజున నిజంగానే కాస్త నెత్తురు పడుతుంది. రెండు మూడు రోజులు పరుగు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే అది పోయి ఉండాలి. పోకపోతే కారణం పరుగు కాదు.

చేన్లో పాము కరిచాక మూత్రం ఎర్రబడితే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కినట్టే అనుకోవాలి. ఆ విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. చిగుళ్ల నుంచి, కాటు గాయం నుంచి కూడా నెత్తురు ఆగకుండా కారుతుంది. దవాఖానలో గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి 20 నిమిషాలు కదలకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టలేదంటే విషానికి విరుగుడు సూదిమందు వెంటనే మొదలుపెడతారు. మంత్రం వేయించుకుంటూ గడిపే ప్రతి గంటా కిడ్నీల మీద పడుతుంది.

నల్లగొండ ప్రాంతంలో ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీదికి తోసేసే అలవాటు ఒకటుంది. ఆ నీళ్లు పళ్లకూ ఎముకలకూ చేసిన చేటు తరాలుగా చూసిన వారికి అలా అనిపించడం సహజమే. అయితే మూత్రంలో నెత్తురుకు ఫ్లోరైడ్‌ను కారణంగా చెప్పుకుని ఊరుకుంటే అసలు కారణం చూడకుండానే పోతుంది.

నెత్తురేనని అనుమానం వచ్చాక, డాక్టరు దగ్గరికి పోయేలోపు మనిషి తనంతట తాను గమనించి చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి స్కానింగ్ కంటే తక్కువేం కావు. ధార మొదట్లో మాత్రమే ఎరుపు ఉండి తర్వాత తేటగా వస్తే తప్పు మూత్రనాళంలో ఉండే అవకాశం ఎక్కువ. చివర్లో, ఆఖరి చుక్కల్లో మాత్రమే వస్తే ప్రొస్టేట్ లేదా మూత్రాశయం మెడ దగ్గర. మొదటి నుంచి చివరిదాకా ఒకే రంగులో ఉంటే మూత్రాశయం లేదా అంతకంటే పైన. మూడు గాజు గ్లాసుల్లో మొదటి, నడిమి, చివరి మూత్రం వేరువేరుగా పట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. మూత్రంలో నెత్తురు గడ్డలు పడితే వాటి ఆకారం చూడాలి. వానపాములా సన్నగా పొడుగ్గా ఉంటే కిడ్నీ నుంచి దిగే నాళంలో గడ్డకట్టి జారినవి. ముద్దలుగా, ఆకారం లేకుండా ఉంటే మూత్రాశయంలో తయారైనవి. ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోవడానికి సిగ్గుపడొద్దు. దవాఖానకు పోయే రోజుకు మూత్రం తేటగా ఉంటే ఆ ఫొటోనే సాక్ష్యం.

రాళ్ల నొప్పిని వేరే చెప్పనక్కర్లేదు. నడుము పక్కన మొదలై పొత్తికడుపు మీదుగా గజ్జల్లోకి, వృషణాల్లోకి దిగుతుంది, మనిషి ఏ పక్కకు పడుకున్నా ఓర్చుకోలేడు. తాగే నీళ్లు తక్కువై, చెమట ఎక్కువై మూత్రం చిక్కబడితే రాళ్లు కడతాయి. ఎండలో పని, నీళ్ల సీసా దూరంగా ఉండటం, మూత్రం ఆపుకోవాల్సి వచ్చే చోట పని ఉన్నవారికి ఇది సాధారణం. పాలమూరు నుంచి వలసపోయి కట్టడాల మీద పనిచేసేవారి బతుకు సరిగ్గా అదే. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. రోజుకు రెండు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. ఎండాకాలంలో అందుకు మూడు నాలుగు లీటర్లు కూడా పట్టొచ్చు. కొండపిండి ఆకు కషాయం, బీరు, ఈత కల్లు రాళ్లను కరిగిస్తాయన్న నమ్మకం గట్టిది. బీరు, కల్లు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, ఆ తర్వాత ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. కాల్షియం రాయిని అవి కరిగించలేవు. రాయితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఒక రాత్రి కూడా ఆగకూడదు. రాయి అడ్డుపడి, పైన నిలిచిన మూత్రంలో చీము పడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని స్టెంటు వేసో గొట్టం వేసో బయటికి తీయాలి, గోళీలు ఒక్కటే సరిపోవు.

రాళ్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. యాభై అయిదేళ్ల మనిషికి నొప్పి లేకుండా నెత్తురు పోయింది, స్కానింగ్‌లో కిడ్నీలో 4 మి.మీ. రాయి కనపడింది. "రాయి ఉంది, దాని వల్లే" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కదలకుండా కిడ్నీ మూలలో కూర్చున్న చిన్న రాయి నిజంగా నెత్తురు కార్చిందో లేదో ఎవరికీ తెలియదు. అతను ముప్పై ఏళ్లుగా బీడీ తాగుతున్నాడంటే ఆ రాయి దొరకడం అదృష్టం కాదు, దారి తప్పించడం. ప్రొస్టేట్ విషయంలోనూ ఇదే. యాభై దాటిన మగవారి స్కానింగ్‌లో "ప్రొస్టేట్ పెరిగింది" అన్న మాట చాలామందికి వస్తుంది. రాత్రి నాలుగైదు సార్లు లేవడం, ధార సన్నబడటం ఉంటే ఆ ప్రొస్టేట్‌ మీది రక్తనాళాల నుంచి నెత్తురు పోవచ్చు, పోతుంది కూడా. కానీ మూత్రాశయం లోపల చూసి అక్కడ మరేమీ లేదని తేల్చాకే ఆ పేరు పెట్టాలి.

బీడీ మాట ఎందుకు వచ్చిందంటే, మూత్రాశయ క్యాన్సర్‌కు అన్నింటికంటే పెద్ద కారణం పొగే. పొగలోని విషాలు ఊపిరితిత్తుల గుండా నెత్తురులోకి, అక్కడి నుంచి కిడ్నీ గుండా మూత్రంలోకి వచ్చి, మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటాయి. రాత్రంతా ఆ పొర వాటిలో నానుతుంది. ఈ క్యాన్సర్ ఆడవారికంటే మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. రెండో కారణం రంగులు, రబ్బరు, తోలు పనుల్లో వాడే కొన్ని రసాయనాలు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల ప్రాంతాల్లో నూలుకు రంగులద్దే పని తరతరాలుగా ఉంది. బెంజిడిన్ ఆధారిత రంగులను మన దేశంలో 1990లలోనే నిషేధించారు. కానీ ఈ క్యాన్సర్ బయటపడటానికి రసాయనం తగిలాక ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. అప్పట్లో ఒట్టి చేతులతో రంగు తొట్టిలో నూలు ముంచిన మనిషి, ఇప్పుడు ఆ పని మానేసినా, డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

మూత్రంలో మంట, మాటిమాటికి పోవడం, జ్వరం కలిసొస్తే ఇన్‌ఫెక్షన్. ఆడవారిలా మగవారికి ఇది ఊరికే రాదు. వచ్చిందంటే ప్రొస్టేట్‌లోనో, రాయిలోనో, నాళం సన్నబడటంలోనో వెనక ఏదో ఉందని చూడాలి. యాంటీబయోటిక్ మొదటి మోతాదు పడకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి. మందు పడ్డాక ఇస్తే క్రిమి పెరగదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. కోర్సు అయ్యాక కొన్ని వారాలకు మళ్లీ మూత్ర పరీక్ష చేయించి నెత్తురు కణాలు పోయాయని చూసుకోవాలి. ఈ రెండో పరీక్ష దాదాపు ఎవరూ చేయించుకోరు. మూత్రంలో చీము కణాలు నిండా ఉండి కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగకపోతే, కోర్సు మీద కోర్సు మార్చే బదులు మూత్రాశయ టీబీ గురించి అడగాలి. దానికి తెల్లవారుజాము మూత్రాన్ని వరుసగా కొన్ని రోజులు ఇచ్చి పరీక్ష చేయిస్తారు. పాలలా తెల్లటి మూత్రం, అందులో అప్పుడప్పుడు ఎర్ర జీరలు పడితే అది బోదకాలు పురుగు చేసే పని కావచ్చు.

కిడ్నీ వడపోత చెడితే లక్షణాలు వేరుగా ఉంటాయి. మూత్రం ఎరుపు కాక కోలా రంగులో ఉంటుంది, నురగ కడుతుంది, గడ్డలు పడవు. మొహం, కాళ్లు ఉబ్బుతాయి, బీపీ పెరుగుతుంది. కుర్రాళ్లలో జలుబు, గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజులకే ఇలా వస్తే ఒక రకం జబ్బు, రెండు వారాలకు వస్తే ఇంకో రకం. వీరు చూపించుకోవాల్సింది కిడ్నీ డాక్టరుకు, అంటే నెఫ్రాలజిస్టుకు. మూత్రనాళాలకు ఆపరేషన్లు చేసే యూరాలజిస్టు దగ్గర క్యూలో నిలబడి వారం పోగొట్టుకోవడం ఎందుకు? నడుము నొప్పికి డైక్లోఫెనాక్ గోళీలు, సూదులు నెలల తరబడి వాడే అలవాటు ఉన్నవారు ఆ మాట తప్పక చెప్పాలి, వాటితోనే కిడ్నీ చెడి ఉండొచ్చు.

పరీక్షల్లో మొదటిది ల్యాబుల్లో సీయూఈ అనే మామూలు మూత్ర పరీక్ష. కొంచెం పోశాక నడిమి ధారను శుభ్రమైన డబ్బాలో పట్టి గంట, రెండు గంటల్లోపు ఇవ్వాలి. పొద్దున పట్టి జేబులో పెట్టుకుని మధ్యాహ్నం బస్సు దిగి ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోయి లెక్క తప్పుతుంది. రిపోర్టులో ఆర్‌బీసీ, అంటే ఎర్ర కణాలు, సూక్ష్మదర్శినిలో చూసే ఒక్కో ఫీల్డ్‌కు 3 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నెత్తురు పోతున్నట్టే, కంటికి తేటగా ఉన్నా సరే. దానితో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. పీహెచ్‌సీలో ఇచ్చిన నమూనాలు ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రానికి పోతాయి, వీటికి డబ్బు కట్టాల్సిన పనిలేదు.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు మూత్రం నిండుగా ఆపుకుని పోవాలి. సంచి ఖాళీగా ఉంటే గోడలు ముడుచుకుని లోపలి గడ్డ కనపడదు, అయినా రిపోర్టులో "నార్మల్" అనే రాస్తారు. నిండుగా ఉన్నా 5 మి.మీ. కంటే చిన్నవి, గోడకు చదునుగా అతుక్కున్నవి తప్పిపోతాయి. అందుకే 45 దాటినవారికి, పొగ తాగేవారికి స్కానింగ్ బాగుందన్న మాట దగ్గర ఆగకూడదు. తర్వాతి మెట్టు సిస్టోస్కోపీ, అంటే మూత్రనాళం గుండా సన్నటి కెమెరా పంపి మూత్రాశయం లోపల చూడటం. మగవారు దవాఖానకు పోకపోవడానికి అసలు కారణం, పైకి చెప్పరు గానీ, ఈ భయమే. మత్తు జెల్లీ వేసి వంగే గొట్టంతో చేస్తే పది నిమిషాల పని. తర్వాత ఒకటి రెండు రోజులు మంట, లేత ఎరుపు ఉంటాయి, నీళ్లు ఎక్కువ తాగితే పోతాయి. కిడ్నీలు, పై నాళాలు చూడటానికి సీటీ యూరోగ్రామ్ చేస్తారు, రంగు మందు ఎక్కించాలి కాబట్టి దానికి ముందు క్రియాటినిన్ చూడాలి.

గడ్డ దొరికితే కెమెరా గొట్టం గుండానే గీకి తీస్తారు, పొట్ట కోయరు. బయాప్సీ రిపోర్టులో ఒక్క మాట వెతకాలి: నమూనాలో కండ పొర ఉందా, అక్కడికి గడ్డ పాకిందా. కండ పొర నమూనాలో రాకపోతే చాలాసార్లు మళ్లీ గీకాల్సి వస్తుంది. పై పొరకే పరిమితమైన వాటిలో ముదిరే రకానికి మూత్రాశయంలోకి వారానికొకసారి చొప్పున ఆరు వారాలు బీసీజీ ఎక్కిస్తారు. పుట్టిన పిల్లలకు వేసే ఆ టీబీ టీకాలోని క్రిములే ఇవి.

గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారికి నెత్తురు పడితే "పలుచన గోళీల వల్లే" అని వదిలేస్తారు. ఆ గోళీలు లోపల ఉన్న పుండును బయటపెడతాయి తప్ప లేనిదాన్ని పుట్టించవు. వారికీ అన్ని పరీక్షలూ కావాలి. గుండె డాక్టరును అడగకుండా మాత్రం గోళీ ఆపకూడదు, స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

కొన్నింటికి రేపటిదాకా ఆగే వీల్లేదు. నెత్తురు గడ్డలు పడుతూ మూత్రం బిగుసుకుపోయి పొత్తికడుపు రాయిలా గట్టిపడితే 108కు ఫోన్ చేయాలి. ఊళ్లో వేసే 14, 16 నంబరు సన్నటి పైపు గడ్డలతో వెంటనే మూసుకుపోతుంది. దీనికి 22 లేదా 24 నంబరు మూడు దారుల పైపు వేసి, గడ్డలన్నీ కడిగి తీసి, సెలైన్ ధార నడిపించాలి. తాటిచెట్టు మీది నుంచి జారిపడిన గీత కార్మికుడికి, ఎద్దు పొడిచినవారికి, హైవే మీద బండి ప్రమాదంలో నడుము ఎముక విరిగినవారికి మూత్రంలో ఎరుపు కనపడితే కిడ్నీయో మూత్రాశయమో చిట్లిందని అనుమానించాలి. అంగం కొన దగ్గర నెత్తురు బొట్టు నిలిచి ఉంటే నాళం తెగి ఉండొచ్చు. అప్పుడు పరీక్ష చేయకుండా తోసే పైపు సగం తెగిన నాళాన్ని పూర్తిగా తెంపుతుంది.

మహబూబ్‌నగర్, నల్లగొండ మెడికల్ కాలేజీ దవాఖానల్లో యూరాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని పోతే ఒక రోజు కూలి మిగులుతుంది. అక్కడ కుదరకపోతే రెండు చోట్ల నుంచీ సుమారు 100 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి, క్యాన్సర్ తేలినవారికి ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. పోయేటప్పుడు పాత సీయూఈ రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, వాడే గోళీల అట్టలు, ఫోన్‌లోని ఫొటో తీసుకుపోవాలి. అన్ని పరీక్షల్లోనూ ఏమీ దొరకకపోతే ఏడాదిలోపు మళ్లీ ఒకసారి సీయూఈ చేయించాలి. ఈలోగా కంటికి కనపడేలా మళ్లీ ఎర్రగా వస్తే పాత "నార్మల్" రిపోర్టు చెల్లదు, సిస్టోస్కోపీతో సహా అన్నీ మొదటి నుంచి చేయించాలి.